ఫోటో ఎవరి చేతికి చేరాలి?



మన బాపట్ల, చీరాల, తెనాలి, రేపల్లె వైపు ఫోటోలు తీసేవాళ్లతో కాసేపు కూర్చుంటే చాలు, ఈమధ్య ఒకటే మాట వినిపిస్తోంది. "కెమెరా బీరువాలోనే ఉందండీ, తీయబుద్ధి కావడం లేదు" అంటున్నారు. ఈ మాట అనేవాళ్లలో స్టూడియో పెట్టుకుని దానిమీదే బతికేవాళ్లున్నారు. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం వస్తే సూర్యలంకకో, ఓడరేవుకో, నిజాంపట్నం హార్బరుకో కెమెరా తగిలించుకుని బయల్దేరేవాళ్లున్నారు. ఇంట్లో పోట్లాడి కెమెరా కొనిపించుకున్న కుర్రాళ్లున్నారు. అందరికీ పని తెలుసు, పరికరాలూ ఉన్నాయి. లేనిదల్లా తీయాలన్న కోరిక. పోయిన ఆ కోరిక ఎక్కడ దొరుకుతుందన్నదే ఈ రోజు నా ప్రసంగం. ఉదాహరణలు చాలా చోట్ల నుంచి తెస్తాను కానీ, చివరికి మిమ్మల్ని తీసుకువెళ్లేది మాత్రం కారంచేడుకే.

ముందు ఆ కోరిక ఎందుకు పోతుందో చూద్దాం. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లు చెప్పే కారణం ఒకటుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే రాత్రీ పగలూ తేడా ఉండదు. అవే తలంబ్రాలు, అవే అప్పగింతలు, అవే నవ్వులు, డ్రోనుతో అదే మండపం. చేసిన పనే చేసి విసుగొచ్చిందంటారు. నిజమే కానీ, అది పూర్తి కారణం కాదని నాకనిపిస్తుంది. మగ్గం మీద కూర్చున్న నేతగాడూ రోజూ అదే పని చేస్తాడు. పెళ్లి చేయించే పురోహితుడూ అవే మంత్రాలు చదువుతాడు. పని ఒకటే అయినంత మాత్రాన మనసు చచ్చిపోదు.

రీలు ఉన్న రోజులు గుర్తు తెచ్చుకోండి. రీలుకి ముప్పై ఆరు ఫోటోలు. డార్క్‌రూములో కడగాలి, ఆరబెట్టాలి, కవరులో పెట్టాలి. నాలుగో రోజున మనిషి షాపుకి వచ్చి, కౌంటరు దగ్గరే నిలబడి ఆ కవరు విప్పేవాడు. ఒక్కొక్క ఫోటో చూస్తూ పక్కవాడికి చూపించేవాడు. "మా నాన్న బాగా పడ్డాడండీ" అనేవాడు. ఆ ముఖం చూడటమే ఫోటోగ్రాఫరుకి డబ్బులు కాకుండా దొరికే రెండో కూలి. ఇప్పుడు ఆ కూలి పోయింది. వేల ఫోటోలు పెన్‌డ్రైవులో వేసి ఇస్తున్నాం. ఎవరు చూశారో, ఏది చూశారో తెలియదు. ఇష్టంకొద్దీ తీసేవాళ్ల పరిస్థితీ అంతే. ఫోటో హార్డ్‌డిస్కుకి వెళ్తుంది, లేదంటే ఫోనులో ముక్కూమొహం తెలియని వాళ్ల ముందుకు వెళ్తుంది. వాళ్లొక గుర్తు నొక్కి ముందుకు పోతారు. అదే ఫోనులో కాశ్మీరు మంచు, లంబసింగి పొగమంచు, ఆఫ్రికా సింహాలు క్షణానికొకటి కనిపిస్తుంటాయి. వాటి పక్కన మన కాలవగట్టు వెలవెలబోయినట్టుంటుంది. అప్పుడు కొత్త లెన్సు కొంటే ఊపు వస్తుందేమో అనిపిస్తుంది. వస్తుంది కూడా, ఒక నెల రోజులు.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. ఫోటో తీయాలనే కోరిక మనలో ఒంటరిగా పుట్టేది కాదు. ఆ ఫోటో ఎవరో ఒకరి కోసం ఉండాలి. పుచ్చుకునే చెయ్యి కనిపించకుండా పోతే, తీసే చెయ్యి కూడా మెల్లగా ఆగిపోతుంది. దాన్ని మళ్లీ కదిలించాలంటే ముందు పుచ్చుకునే మనిషిని వెతుక్కోవాలి.

యూజీన్ స్మిత్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫరు కథ దీనికి మంచి సాక్ష్యం. రెండో ప్రపంచయుద్ధంలో లైఫ్ పత్రిక తరఫున పసిఫిక్ దీవుల్లో యుద్ధాన్ని ఫోటోలు తీశాడాయన. 1945 మే నెలలో ఒకినావా దీవిలో ఫిరంగి గుండు ముక్కలు తగిలాయి. ఎడమ చెయ్యి, ముఖం ఛిద్రమయ్యాయి. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. మళ్లీ కెమెరా పట్టగలడో లేదో తెలియని స్థితి. యుద్ధంలో అన్ని చావులు చూసిన మనిషికి, మళ్లీ తీస్తే ఏం తీయాలన్న ప్రశ్న గాయం కంటే బరువుగా ఉండి ఉంటుంది. మొదట తీసే ఫోటో యుద్ధానికి పూర్తి ఎదురుగా ఉండాలని మాత్రం పట్టుదలగా అనుకున్నాడు. 1946లో ఒకరోజు, తన ఇద్దరు పిల్లలు చెట్ల చీకటిలోంచి వెలుతురులోకి నడిచి వెళ్తుంటే, నొప్పితోనే కెమెరా సర్దుకుని ఆ ఫోటో తీశాడు. పిల్లల వీపులే కనిపిస్తాయి. అన్న ముందు, చెల్లి వెనుక. 1955లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియంలో ఎడ్వర్డ్ స్టైకెన్ ఏర్పాటు చేసిన 'ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్' ప్రదర్శనలో 68 దేశాల నుంచి వచ్చిన 503 ఫోటోలు పెట్టారు. వాటన్నిటికీ ముగింపుగా నిలిచింది ఈ ఫోటోయే. ఆ స్థాయి ఫోటో కోసం స్మిత్ ఎక్కడికీ వెళ్లలేదు. ఇంట్లో పిల్లల వెనకాలే నడిచాడు.

ఆంద్రే కెర్టెజ్ అని హంగేరీలో పుట్టిన ఇంకో మహానుభావుడు. 1977లో భార్య ఎలిజబెత్ చనిపోయింది. ఆయనకి అప్పటికి ఎనభై దాటాయి. న్యూయార్కులో పెద్ద భవనంలో ఒంటరి బతుకు. ఒక షాపులో చిన్న గాజుబొమ్మ కనిపించింది. ఆ మెడ, ఆ భుజాల వంపు తన భార్యని గుర్తుచేశాయి. కొనుక్కొచ్చి కిటికీలో పెట్టుకున్నాడు. పోలరాయిడ్ కెమెరాతో ఆ గాజులోంచి కనిపించే ఆకాశాన్ని, వీధిని, వెలుతురు మారినప్పుడల్లా తీస్తూ పోయాడు. 1981లో అవి 'ఫ్రమ్ మై విండో' పుస్తకంగా వచ్చాయి. పుచ్చుకునే మనిషి లోకంలో లేకపోయినా, ఆమె కోసమే తీశాడు. చెయ్యి మళ్లీ కదిలింది.

మన తెలుగువాళ్లలో వరంగల్‌లో పుట్టిన భరత్ భూషణ్‌ని తలుచుకోవాలి. పత్రికల్లో ఫోటోగ్రాఫరుగా పనిచేసి, ఆ తరవాత జీవితమంతా తెలంగాణ పల్లెల్లోనే తిరిగారు. బతుకమ్మ ఆడే ఆడవాళ్లు, పాతకాలపు ఇళ్లు, చెక్కిన తలుపులు, రంగులేసిన గోడలు, అరుగులు ఆయన విషయాలు. క్యాన్సర్ పట్టి పీడించినా కెమెరా వదల్లేదు. 2022లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఆయన్ని నడిపించినదేమిటో ఆ ఫోటోలు చూస్తేనే తెలుస్తుంది. ఆ తలుపులు రేపటికి ఉండవు. పడగొట్టి డాబా వేస్తారు. ఆ ఇంట్లో పుట్టబోయే పిల్లలు ఆ తలుపుని చూడాలంటే ఈరోజే తీయాలి. ఇక్కడ పుచ్చుకునే చెయ్యి ఇంకా పుట్టని మనవడిది.

ఇక కారంచేడుకి వద్దాం. ఇప్పుడు బాపట్ల జిల్లా, 2022 దాకా ప్రకాశం జిల్లా. చీరాలకి దగ్గర్లో, కృష్ణా పశ్చిమ డెల్టా చివర, కొమ్మమూరు కాలువ నీళ్లతో పండే నేల. బయటివాళ్లకి ఈ ఊరు రెండు కారణాలతో తెలుసు. ఒకటి దగ్గుబాటి రామానాయుడుగారు. 1936లో ఇక్కడే పుట్టారు. 1960లో వచ్చిన 'నమ్మిన బంటు' సినిమా చిత్రీకరణ ఈ ఊళ్లో జరిగినప్పుడు, వ్యవసాయం చేసుకుంటున్న ఆ యువకుడు మొదటిసారి సినిమా కెమెరాని దగ్గరగా చూశారు. తరవాత మద్రాసు వెళ్లారు. 1964లో 'రాముడు భీముడు' తీశారు. వరసగా దెబ్బలు తిన్నాక, ఇది కూడా పోతే ఊరికి వచ్చి సేద్యం చేసుకుందామనుకునే 1971లో 'ప్రేమ్ నగర్' తీశారు. అది ఆయన్ని నిలబెట్టింది. దేశంలోని ఎన్నో భాషల్లో సినిమాలు నిర్మించి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు.

రెండోది, 1985 జులై 17 నాటి మారణకాండ. ముందురోజు దళితవాడ తాగే చెరువు నీళ్ల దగ్గర మొదలైన తగవు, ఆ రోజు దళితుల ఇళ్ల మీద దాడిగా మారింది. ఆరుగురిని చంపేశారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్లు ఊరు వదిలి చీరాల చేరారు. ఆ ఏడాదే తెనాలిలో దళిత మహాసభ ఏర్పడింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందుండి నడిపారు. తెలుగునాట రాజకీయం, సాహిత్యం ఆ తరవాత మునుపటిలా లేవు.

ఫోటోలు తీసే మనిషిగా నన్ను ఈ రెండో సంగతి నిలవనివ్వదు. కలిగిన ఇళ్లల్లో గోడల నిండా తాతముత్తాతల ఫోటోలుంటాయి. పొలం పనులు చేసి బతికిన కుటుంబాల్లో చాలామందికి, రేషన్ కార్డు కోసమో ఓటరు కార్డు కోసమో తీసిన బొటనవేలంత ముఖం తప్ప ఇంకో ఫోటో ఉండదు. మనిషి పోయాక దండ వేయడానికి ఆ బొటనవేలంత ముఖాన్నే పెద్దది చేయించుకుంటారు. అలాంటి వాడల్లోకి కెమెరాలు గుంపుగా వచ్చేది ఘోరం జరిగాకే. బతికుండగా, నవ్వుతుండగా, పండక్కి కొత్తబట్ట కట్టుకున్నప్పుడు ఎవరూ రారు. ఒక ఊరి గురించి లోకానికి ఒక సినిమా నిర్మాత, ఒక మారణకాండ తెలిశాయి. ఈ రెంటి మధ్యా వేలకొద్దీ మామూలు రోజులున్నాయి. ఆ మామూలు రోజుల ఫోటోలు తీయడానికి ఆ చుట్టుపక్కల ఉన్న ఫోటోగ్రాఫరు కంటే తగినవాడెవరు? తీయడానికి ఏమీ లేదని మనం బీరువాలో కెమెరా పెట్టుకున్న ఊళ్లోనే, ఇంతపని మిగిలిపోయి ఉంది.

అందం సంగతి కూడా చెప్పాలి. ఈ నేలకి తనదైన వెలుతురు ఉంది. భూమధ్యరేఖకి ఉత్తరాన పదహారు డిగ్రీలకి ఒక పిసరు తక్కువలో ఉన్నాం మనం. అందువల్ల ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలో ఒకసారి, మళ్లీ ఆగస్టు 9 ప్రాంతంలో ఒకసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకి కరెంటు స్తంభానికి నీడే ఉండదు. ఆ వెలుతురులో మనిషిని నిలబెడితే కళ్లు గుంటల్లో పడిపోతాయి. అదే డిసెంబరు చివర చూడండి. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు యాభై ఒక్క డిగ్రీలు దాటి ఎక్కడు. రోజంతా నీడలు పక్కకే పడతాయి. కుప్ప వేసిన వరిమోపుల మీద ఒక్కొక్క గడ్డిపరకా విడిగా కనిపిస్తుంది.

ఇంకొక విశేషం ఉంది. కాలవకి నీళ్లొదిలాక, దమ్ము చేసిన మళ్లలో నాట్లు పడే రోజులు. ఆడవాళ్లు వంగి నారు నాటుతుంటారు. వంగిన మనిషి ముఖం మామూలుగా నీడలో ఉండాలి. కానీ మడిలో నిలిచిన నీళ్ల మీద ఆకాశం పడి, ఆ కాంతి కిందినుంచి పైకి లేచి ముఖాల మీద పరుచుకుంటుంది. స్టూడియోలో తెల్లటి థర్మోకోల్ షీటు పట్టుకుని మనం తెప్పించుకునే వెలుతురే అది. అక్కడ ఎకరాల మేర ఉంటుంది. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మెత్తగా ఉంటుంది. నాట్ల కాలంలోనే ఆషాఢం వస్తుంది. పెళ్లిళ్లు ఉండవు, ఫోటోగ్రాఫర్లు ఖాళీగా ఉంటారు. పైగా ఇప్పుడు వెదపద్ధతి వచ్చి, చేత్తో నాటే మళ్లు తగ్గిపోతున్నాయి. భరత్ భూషణ్‌కి తలుపులు ఎలాగో, మనకి ఈ నాట్లు అలాగ. తీసేదేదో ఇప్పుడే తీయాలి.

అయితే గట్టు మీద నిలబడి, పొడుగు లెన్సుతో, వాళ్లకి తెలియకుండా వీపుల ఫోటోలు తీసుకుని వచ్చేయడం పని కాదు. అడగాలి. పేరు కనుక్కోవాలి. ఫోటో ఇస్తానని చెప్పాలి, ఇవ్వాలి. ఇలా తీసినప్పుడు ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను.

వాడలో ఒక ముసలావిడ వాకిట్లో కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. పక్కనుంచి ఎండ. పొట్టు గాల్లో లేచి బంగారు రంగులో మెరుస్తోంది. ఫోటోగ్రాఫరుకి ఇంతకంటే ఏం కావాలి? "అమ్మా, ఒక ఫోటో తీసుకుంటాను" అంటే, ఆవిడ చేట పక్కన పెట్టేసి, "ఉండు నాయనా, చీర మార్చుకుని వత్తా" అని లోపలికి వెళ్తుంది. తల దువ్వుకుని, నూనె రాసుకుని, పెట్టెలోని చీర కట్టుకుని వచ్చి, గోడకి ఆనకుండా, చేతులు రెండూ కిందికి చాపి, నవ్వకుండా నిటారుగా నిలబడుతుంది. మనకి కావలసిన ఫోటో పోయింది. చాలామంది ఇక్కడ నిరుత్సాహపడి, మొక్కుబడిగా ఒకటి నొక్కి వచ్చేస్తారు.

అలా చేయకూడదు. ఆవిడకి ఫోటో అంటే ఏమిటో ఆవిడకి తెలుసు. తను పోయాక గోడ మీద ఉండేది అది. మనవరాలు అత్తారింటికి పట్టుకెళ్లేది అది. అందుకే అంత శ్రద్ధగా నిలబడింది. ఆ శ్రద్ధకి తగ్గట్టు మనమూ తీయాలి. కెమెరాని ఆవిడ కళ్లకి సమానమైన ఎత్తులో పెట్టాలి. వాకిట్లో ఎండలోంచి వసారా నీడలోకి ఒక్క అడుగు రమ్మనాలి. చీర అంచు కనపడాలి, చేతులు కనపడాలి. అచ్చు వేయించి, వారంలోగా తీసుకెళ్లి చేతికివ్వాలి. అప్పుడు చూడండి. ముందు పమిటచెంగుతో చెయ్యి తుడుచుకుంటుంది, ఫోటోకి తడి అంటకుండా. దూరంగా పట్టుకుని చూస్తుంది, దగ్గరగా పట్టుకుని చూస్తుంది. పక్కింటావిణ్ణి కేకేస్తుంది. చుట్టూ నలుగురు చేరతారు. "మా అత్తక్కూడా తియ్యి నాయనా, మంచాన ఉంది" అని ఒకరు లోపలికి పిలుస్తారు. ఆ ఇంటి లోపలికి, ఆ మంచం దగ్గరికి, చిన్న కిటికీలోంచి పడే ఆ వెలుతురులోకి మిమ్మల్ని ఏ లెన్సూ తీసుకెళ్లలేదు. చేతికిచ్చిన ఒక్క ఫోటో తీసుకెళ్లింది. మర్నాడు అదే వాకిట్లో మొదటావిడ మినుములు చెరుగుతూ ఉంటుంది. ఈసారి మిమ్మల్ని చూసినా చేట ఆపదు. మీరు మొదట చూసిన ఫోటో, అంతకంటే మంచిది, అప్పుడు వస్తుంది.

"ఇలా అడిగినవాళ్లకల్లా ఫోటోలు ఇచ్చుకుంటూ పోతే ఇక కళ ఎక్కడుంటుంది?" అని కొందరు అడుగుతారు. గౌరవించవలసిన ప్రశ్నే. నా జవాబు ఒకటే. ప్రతి మనిషి దగ్గరా రెండు ఫోటోలు తీయండి. ఒకటి వాళ్లు కోరుకున్నట్టు, రెండోది మీరు చూసినట్టు. మొదటిది నమ్మకాన్ని సంపాదిస్తుంది. ఆ నమ్మకం లేని రెండో ఫోటోలో ఎంత వెలుతురున్నా, ఎదుటి మనిషి ఉండడు.

ఇప్పుడు పని ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక చోటు ఎంచుకోండి. కారంచేడువాళ్లకి కాలవగట్టు, వాడ, కల్లం. చీరాలవాళ్లకి జాండ్రపేటలో గుంటమగ్గం. మగ్గం ఉన్న గదిలో వెలుతురు ఒక్క పక్కనుంచే వస్తుంది. షట్టరు సెకనులో పదిహేనో వంతుకి తగ్గిస్తే మనిషి ముఖం నిలకడగా ఉండి, నాడె మాత్రం గీతలా పరుగెత్తుతుంది. రేపల్లెవాళ్లకి పెనుమూడి దగ్గర కృష్ణ ఉంది, తెనాలివాళ్లకి శిల్పుల షెడ్లున్నాయి. ఏదైనా సరే, ఏడాదిపాటు దాన్ని మార్చకండి. ఒక్క లెన్సు చాలు. ఫోనైనా సరే. ఒక్కసారి వెళ్తే ముప్పై ఆరు ఫోటోలకి మించి తీయనని నియమం పెట్టుకోండి. రీలు రోజుల క్రమశిక్షణ అది. లెక్క ఉంటే కన్ను ముందు పనిచేస్తుంది, వేలు తరవాత. చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాసుకోండి. ఇంటికొచ్చి మ్యాక్సీ సైజులో నాలుగైదు అచ్చు వేయించండి. ఇచ్చేయండి. తీయబుద్ధి అయినప్పుడు వెళ్దామని కూర్చోవద్దు. ఫలానా ఇంటికి ఫోటో బాకీ ఉన్నాం కాబట్టి వెళ్లాలి. కోరిక అలా నడిచేవాళ్ల వెనకాలే వస్తుంది.

విశ్రాంతి అవసరమైనవాళ్లూ ఉంటారు. మనదేశంలో తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫరు హోమాయ్ వ్యారావాలా 1970లో కెమెరా పక్కన పెట్టేసి, 2012లో కన్నుమూసేదాకా ఆ వృత్తిలోకి మళ్లీ రాలేదు. అయినా ఆవిడ తీసిన స్వాతంత్ర్య కాలపు ఫోటోలు దేశం ఆస్తి. మానేసినవాళ్లని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ, బీరువా తీసినప్పుడల్లా కెమెరా వైపు చూసి మనసు చివుక్కుమనేవాళ్లుంటే, వాళ్లలో ఆ కోరిక చావలేదని అర్థం. నేను మాట్లాడుతున్నది వాళ్లతోనే.

వాళ్లకి ఒక విన్నపం. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, అమెరికా నుంచి కూడా పిల్లలు ఊళ్లకి వస్తారు. ఆ మూడు రోజులు ఊరి బడి వరండాలో దండెం కట్టి, మీరు ఏడాది పొడుగునా తీసిన ఫోటోలు క్లిప్పులు పెట్టి వేలాడదీయండి. ఊళ్లో ఏ పేటా, ఏ వాడా తప్పిపోకుండా చూసుకోండి. నాట్లేసిన ఆవిడా, పొలం గలాయనా ఒకే దండెం మీద పక్కపక్కన ఉండాలి. ఒక్కొక్క ఫోటో కింద మనిషి పూర్తి పేరు రాయండి. ఊరంతా వచ్చి చూశాక, కనుమ సాయంత్రం ఎవరి ఫోటో వాళ్లని ఇంటికి తీసుకెళ్లమనండి. ఆ దండెం ఖాళీ అవుతుంది. మళ్లీ సంక్రాంతికి దాన్ని నింపే పూచీ మీది.